రాణి ముఖం గీకిన కత్తి

నేను ఒక విరిగిన కత్తి ముక్కని. విరగకముందు దసరా ఊరేగింపుల్లో నన్ను చూడటానికి జనం మేడలెక్కేవారు. ఆ గొప్పలు చెప్పుకోవాలని ఇప్పుడు లేదు. ఒక ఆడమనిషి ముఖాన్ని నేను లేకుండా చేశాను. ఆ సంగతి చెబుదామనే నోరు విప్పాను.

నా యజమాని పేరు పెచ్చెట్టి వీరభద్రం. గోదావరి కాలువ ఒడ్డున ఉన్న మా చిన్న పట్నంలో అందరూ ఆయన్ని భద్రం వస్తాదు అనేవారు. తాలింఖానాలో కర్రసాము, కత్తిసాము నేర్పేవాడు. దసరాకి మనిషి మెడ మీద నిమ్మకాయ పెట్టి, తన కళ్ళకు గంతలు కట్టుకుని, నాతో ఆ కాయని రెండు చెక్కలు చేసేవాడు. ఏ మెడ మీదా ఒక్క గీత పడలేదు. ఒక ఏడు గుమ్మడికాయ నరుకుతుంటే కింద రాయి తగిలి నేను రెండు ముక్కలయ్యాను. ఆయన నన్ను పారేయలేదు. కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి, జానెడు ముక్కని పలచగా సాగదీయించి, చెక్క పిడి వేయించాడు. అప్పటినుంచి నా పని రంగులు కలపడం, తప్పుగా పడిన రంగుని గీకెయ్యడం.

వస్తాదుకి బొమ్మలు గీసే పిచ్చి ఉండేది. వయసులో ఉన్నప్పుడు నాటకాల తెరలు గీసేవాడి వెంట తిరిగి ఆ పని నేర్చుకున్నాడు. గీసేవి వీరుల బొమ్మలే. ఓరుగల్లు కోట కాసినవాళ్ళు, బొబ్బిలి బురుజుల మీద పోరాడినవాళ్ళు, పేరు తెలియని కాల్బంట్లు. గోడ మీది క్యాలెండర్లలో వీరుల్ని చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. "ఈయన కత్తి పట్టుకున్నాడా, తామరపువ్వు పట్టుకున్నాడా? మొదటి దెబ్బకే జారిపోద్ది" అనేవాడు. ఆయన గీసిన వీరులకి మోకాలు సరిగ్గా వంగి ఉండేది, మణికట్టులో బిగువు ఉండేది. పదిహేనేళ్ళలో పదకొండు పెద్ద బొమ్మలు తయారయ్యాయి. చూసేవాళ్ళు లేక అవి ఆయన ఇంటి వెనక వసారాలో గోడకి చేరబడి చెమ్మ పీల్చుకుంటూ ఉండేవి. వానాకాలం వచ్చిందంటే రోజుకి రెండుసార్లు వాటిని తుడుచుకునేవాడు.

పన్నెండో బొమ్మ రుద్రమదేవిది. దానికోసం ఆయన చేపల బజారుకి వెళ్ళాడు.

అక్కడ సంగాడి పోలమ్మ చేపలమ్మేది. ఆమె తండ్రి నూకరాజు బతికి ఉన్న రోజుల్లో వస్తాదుకి కర్రసాములో జోడీ. కొడుకులు లేక కూతురికి కర్ర నేర్పాడు. పోలమ్మ కర్ర తిప్పుతుంటే గాలి చీలిన చప్పుడు నేను విన్నాను. కానీ ఊరేగింపులో ఆడవాళ్ళకి చోటులేదు గనుక ఆ విద్య ఆమె వాకిట్లోనే ఉండిపోయింది.

"పోలమ్మా, నీ బొమ్మ గీయాలి. మధ్యాహ్నాలు తాలింఖానాకి వస్తావా?" అన్నాడు వస్తాదు.

"నా బొమ్మెందుకండి, చేపలమ్ముకునేదాన్ని?"

"నీది కాదు. రుద్రమదేవిది."

"అయితే ఆవిణ్ణే పిలవండి" అని ఆమె పకపకా నవ్వింది.

"ఆవిడ పోయి ఏడొందల ఏళ్ళయింది. మొహం ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు. కత్తి పట్టిన ఆడమనిషి భుజం ఎలా ఉంటుందో మటుకు నాకు నీ దగ్గరే తెలిసింది."

పోలమ్మ నవ్వు ఆపింది. మర్నాటినుంచి చేపలు అమ్ముడుపోగానే చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చేది. మూడు నెలలు వచ్చింది. ఆమె గడ్డం మీద చిన్న గాటు ఉండేది, చిన్నప్పుడు తండ్రి కర్ర తగిలినది. "అది తీసెయ్యండి, రాణీగారికి బాగోదు" అంది ఒకరోజు. "అది తీసేస్తే నువ్వు కాదు" అన్నాడు వస్తాదు. బొమ్మ పూర్తయిన రోజు ఆమె దాని ముందు చాలాసేపు నిలబడింది.

"నేనింత పొగరుగా ఉంటానాండి?"

"కత్తి చేతిలో ఉన్నప్పుడు ఉంటావు."

ఆ సాయంత్రమే పోలమ్మ ఆ కబురు పేటంతా చెప్పుకుంది.

ఆ ఏడే తాలింఖానాకి కొత్త హాలు కట్టారు. దాని సంఘం అధ్యక్షుడు జగ్గారాయుడు గారు, రైసు మిల్లు ఆయన. భద్రం వస్తాదు బొమ్మలన్నీ హాల్లో పెట్టిస్తానని, మహర్నవమి పొద్దున తెర తీయిస్తానని మాట ఇచ్చాడు. వస్తాదు ఆ మాట విని వసారాలోకి వెళ్ళి బొమ్మలన్నిటినీ ఒక్కొక్కటిగా తడిమాడు. పండగ నాలుగు రోజులుందనగా జగ్గారాయుడు గారు చూడటానికి వచ్చాడు. పదకొండు బొమ్మలకీ తల ఊపాడు. పన్నెండో దాని దగ్గర ఆగిపోయాడు.

"ఇది మన చేపల పోలమ్మ కదండీ?"

"రుద్రమదేవి" అన్నాడు వస్తాదు.

"బాగుందండి. మా ఇంట్లో ఆడవాళ్ళు పొద్దున్న బేరమాడిన మనిషికి సాయంత్రం దణ్ణం పెట్టాలన్నమాట. ఆ మొహం మార్చండి వస్తాదుగారూ. కాస్త తెల్లగా, కళగా, రాణీగారిలా ఉండాలి. మార్చకపోతే ఒక్క బొమ్మా హాల్లోకి రాదు. మళ్ళీ నా మీద నిష్ఠూరం పెట్టుకోకండి."

ఆయన కోపంగా కూడా అనలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మనుషుల ధైర్యం చిత్రమైంది. మెడ మీద కత్తి ఆడించినా రెప్పవెయ్యని మనిషి మా వస్తాదు. మిల్లాయన మెల్లగా చెప్పిన నాలుగు ముక్కలకి ఆయన చేతులు చల్లబడ్డాయి. ఆ మధ్యాహ్నమంతా పదకొండు బొమ్మల వైపూ చూశాడు, ఆ ఒక్కదాని వైపూ చూశాడు. తర్వాత నన్ను తీశాడు.

రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. ముందు నుదురు పోయింది, తర్వాత కళ్ళు. గడ్డం మీది గాటు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. నేను ఆగలేదు. ఇనుముకి ఇష్టాయిష్టాలేమిటని మీరనవచ్చు. కమ్మరి కొలిమిలో పడుకున్ననాడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు కనీసం మొండిగా ఉన్నా బాగుండేది. మెత్తటి రంగు మీద నునుపుగా, చక్కగా జారుకుంటూ పోయాను. ఇంత బాగా పని చేసిన రోజు నా బతుకులో ఇంకొకటి లేదు. ఒక పాత క్యాలెండర్ ఎదురుగా పెట్టుకుని ఆయన ఆ చోట తెల్లటి ముఖం ఒకటి గీశాడు. మెడ కింద మాత్రం అంతా పోలమ్మే.

మహర్నవమి పొద్దున ఆమె వచ్చింది. కొత్త కోక కట్టుకుంది. అత్తగారు, తోడికోడలు, పేటలో ఆడవాళ్ళు పదిమంది వెంట ఉన్నారు. తెర తీశారు. జనం చప్పట్లు కొట్టారు. పోలమ్మ పైకి చూసింది.

"ఏదే, నువ్వెక్కడున్నావే?" అంది అత్తగారు, గట్టిగానే.

పోలమ్మ ఆ ముఖాన్ని చూసింది. కత్తి పట్టుకున్న చేతిని చూసింది. తన చేతిని పమిట కిందికి లాక్కుంది. మెడలో దండతో నిలబడి ఉన్న వస్తాదు వైపు తిరిగింది. ఆయన మొలలో నేనున్నాను. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆయన నేల చూపులు చూశాడు.

"నేను కాదత్తా" అంది పోలమ్మ. "ఏదో అనుకుని పొరబడ్డాను. పదండి ఎల్దాం."

ఆమె ఆయన పరువు కాపాడింది. పదిమందీ ఆమెనే చూసి నవ్వారు. ఆ తర్వాత చేపల బజార్లో ఆమెకి 'రాణీగారు' అనే పేరు స్థిరపడింది. "రాణీగారూ, ఈ కొరమేను ఎంతకిస్తారండీ?" అని పోయేవాడూ వచ్చేవాడూ అడిగేవారు. ఆమె చేప తూచి ఇచ్చేది.

వస్తాదు మళ్ళీ బొమ్మ గీయలేదు. హాల్లో కర్రసాము నేర్పేటప్పుడు ఆ గోడకి వీపు పెట్టి నిలబడేవాడు. బజారుకి వెళ్ళాలంటే పోలమ్మ కూర్చునే వరసలోకి రాకుండా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. అలా ఆరేళ్ళు గడిచాయి.

ఒకరోజు బజారు నిండుగా ఉన్న వేళ ఆయన తిన్నగా ఆమె తట్ట ముందుకి నడిచాడు. అప్పటికి ఆయనకి డెబ్భై దాటింది.

"అందరూ వినండి. హాల్లో ఉన్న రాణి ఈ పోలమ్మే. ఈమె అబద్ధమాడలేదు. మొహం గీకేసింది నేను" అన్నాడు. మొలలోంచి నన్ను తీసి ఆమె పీట మీద పెట్టాడు. "దీంతోనే గీకాను."

పోలమ్మ ఆయన ముఖంలోకి చూడలేదు.

"ఇప్పుడెందుకండి? బేరాల యేళ. కాస్త పక్కకి జరగండి."

ఆయన జరిగాడు గానీ వెళ్ళలేదు. ఎండలో అలాగే నిలబడ్డాడు. రెండు బేరాలు అయ్యాక ఆమే అంది: "నీడలో కూకోండి. పడిపోయేరు."

"మళ్ళీ గీస్తాను పోలమ్మా. నీ మొహమే గీస్తాను."

"వద్దండి. రేపింకొకాయన వచ్చి మార్చమంటాడు. మీరు మార్చేస్తారు."

ఆ మాట నాకూ తగిలింది. చెరపవలసి వస్తే మళ్ళీ నేనే కదా దొరికేది.

"మా నాన్న నాకు కర్ర నేర్పింది వాకిట్లో తిప్పుకోడానికి కాదండి" అంది పోలమ్మ, చేతులు తుడుచుకుంటూ. "ఈ దసరాకి ఊరేగింపులో ముందు నేను కర్ర తిప్పుతాను. మీరు నా పక్కన నడవాలి. నన్ను ఏం చేశారో మీ నోటితో చెప్పాలి. ఒక్క చోట కాదు, ప్రతి కూడల్లోనూ."

"జగ్గారాయుడు గారు..." అని ఆగిపోయాడు ఆయన.

"ఆయన్ని అడగలేదండి నేను. మిమ్మల్ని అడిగాను."

ఆయన "సరే" అన్నాడు.

ఆ దసరాకి పోలమ్మ కోక బిగించి కట్టి, నన్ను నడుముకి దోపుకుని, తండ్రి కర్ర పట్టుకుని డప్పుల ముందు నిలబడింది. సంఘంవాళ్ళు అడ్డం వచ్చారు. "నా మీంచి వెళ్ళండి" అన్నాడు వస్తాదు. ఆయన దగ్గర విద్య నేర్చుకున్నవాళ్ళే వాళ్ళంతా, పక్కకి తప్పుకున్నారు. మొత్తం ఏడు కూడళ్ళు. మొదటి చోట పోలమ్మ కర్ర ఆపి, ఆయన చెప్పేదాకా నిలబడింది. "ఈమె నూకరాజు కూతురు పోలమ్మ. రాణి బొమ్మకి నిలబడింది ఈమె. భయపడి ఆ మొహం చెరిపేసింది నేను" అన్నాడు. జనంలో కొందరు నవ్వారు. రెండో చోటా నవ్వారు. అయిదో కూడలికి వచ్చేసరికి నవ్వేవాళ్ళు లేరు. ఏడో చోట అరుగుల మీది ఆడవాళ్ళు కిందికి దిగి పోలమ్మకి దారి చేశారు. ఆమె తిప్పే వేగానికి కర్ర కంటికి కనిపించలేదు, గాలి చీలిన చప్పుడు మాత్రం వినిపించింది.

పండగ వెళ్ళిన వారానికే జగ్గారాయుడు గారు పన్నెండు బొమ్మల్నీ హాల్లోంచి దింపించి వెనక రేకుల షెడ్డులో పడేయించాడు. కార్తీకంలో తుపాను వచ్చింది. బొమ్మలన్నీ బూజు పట్టి గుడ్డ చిరిగిపోయిందని బజార్లో చెప్పుకుంటుంటే విన్నాను. వస్తాదు వాటిని తెచ్చుకోవడానికి వెళ్ళలేదట. వాటిని నిలుపుకోవడానికే కదా ఆనాడు ఆ మొహం చెరపడానికి నన్ను చేతిలోకి తీసుకున్నది. తర్వాత రెండేళ్ళు బతికాడు. అప్పుడప్పుడు వచ్చి పోలమ్మ పక్కన నీడలో కూర్చునేవాడు. ఆమె ఆయన్ని క్షమించానని ఎప్పుడూ అనలేదు, లేచి వెళ్ళమనీ అనలేదు. ఆయన పోయిన రోజు కర్ర పట్టుకుని పాడె ముందు నడిచింది ఆమే.

నేను ఆమె పీట మీదే ఉండిపోయాను. పొలుసు తీస్తాను. నన్ను సాన పట్టిస్తుంది, సాయంత్రం కడిగి తుడుస్తుంది. ఆ శ్రద్ధే నాకు భరించడం కష్టంగా ఉంటుంది. మొన్న కొత్తగా వచ్చిన ఒకావిడ అడిగింది:

"ఏమ్మా, ఈ కత్తి బాగుందే, ఎక్కడిది?"

"భద్రం వస్తాదుగారిదండి" అంది పోలమ్మ. నన్ను తిప్పి ఒకసారి చూసింది. "మంచి కత్తి."

ఆమె నన్ను నీళ్ళలో ముంచి, ఇంకో చేప అందుకుంది.