మూడో పేరు

రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నా పేరు విని తలెత్తి చూసింది. మళ్ళీ కంప్యూటర్‌లోకి చూసింది. గొంతు బాగా తగ్గించి, "వారి తరఫున వచ్చారా అండీ?" అని అడిగింది.

"ఎవరి తరఫునా కాదమ్మా. నా తరఫునే వచ్చాను."

ఆ పిల్లకి అర్థం కాలేదు. బాధలో ఉన్నవాళ్ళు ఇలాగే మాట్లాడతారని సరిపెట్టుకున్నట్టుంది. మెళ్ళో వేసుకునే కార్డులు రెండు తీసి, రెండు చేతులతో అందించింది. వచ్చిన వాళ్ళందరికీ ఆకుపచ్చ తాడు, నాకూ మా అమ్మాయికీ తెల్లతాడు. కార్డు మీద నా పేరు లేదు. 'ఆత్మీయ కుటుంబ సభ్యులు' అని ఉంది.

"ఏంటి నాన్నా ఇది?" అంది మా అమ్మాయి.

"అచ్చుతప్పు," అన్నాను.

నా ఉద్యోగం అదే. పేపరు ఆఫీసులో ప్రూఫులు దిద్దుతాను. లోకంలో ఏ తప్పు కనిపించినా ముందు అచ్చుతప్పే అనుకుంటాను. ఎవరో కావాలనే చేశారన్న ఆలోచన నాకు ఆలస్యంగా వస్తుంది. ఈ గుణంవల్ల చాలాసార్లు చెడ్డాను.

అది జాతీయ సైకిల్ సదస్సు. సైకిలు తొక్కేవాళ్ళకి రోడ్డు మీద కాస్త చోటివ్వండి మహాప్రభో అని అడిగే సంఘాలన్నీ ఏడాదికోసారి ఒకచోట చేరతాయి. మా ఊరి సంఘంలో నేను పాత సభ్యుణ్ణి. క్రితం ఏడాది రైలు పట్టాల మీది వంతెన దిగుతుండగా వెనకనుంచి లారీ గుద్దింది. ఎడమకాల్లో కడ్డీ వేశారు. చాలాకాలం మంచం మీదే ఉన్నాను. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయడం వచ్చాక ఇదే మొదటి ప్రయాణం. నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి సెలవు పెట్టి తోడొచ్చింది. మా ఆవిడైతే, "సైకిలు తొక్కి కాలు పోగొట్టుకున్నది చాలదా, ఇంకా దాని ముచ్చట్లు చెప్పుకోడానికి రైలెక్కాలా?" అని మొహం తిప్పుకుంది.

వద్దన్న ఇంకో మనిషి మా సంఘం కార్యదర్శి. చిన్నప్పటి స్నేహితుడు. మా ఇంటికొస్తే లోపలికి రాకుండా గేటు దగ్గరే సైకిలు బెల్లు మోగిస్తూ నిలబడతాడు కాబట్టి ఇంటిల్లిపాదికీ వాడు బెల్లే. "నీ కాలికి ఇబ్బందిరా, వచ్చే ఏడు చూద్దాం," అని మూడుసార్లు చెప్పాడు. ఎంత ప్రేమ అనుకున్నాను.

మా అమ్మాయి స్టాళ్ళ దగ్గర హెల్మెట్లు చూస్తూ ఆగిపోయింది. నేను ముందుగా కుర్చీ చూసుకుందామని హాల్లోకి వెళ్ళాను. వేదిక మీద మూడు పెద్ద ఫొటోలు, నల్ల అంచుతో. మొదటిది పాలకేంద్రంలో పనిచేసే కుర్రాడిది. రెండోది మా పేటలో లెక్కలు చెప్పే టీచరమ్మది. ఇద్దరూ ఆ వంతెన మీదే పోయారు. మూడోది నాది. ఆఫీసు గుర్తింపు కార్డులో ఉన్న ఫొటో, దొంగలా ఉంటాను అందులో. కింద 'కీర్తిశేషులు' అని రాసి నా పేరు రాశారు. ఒక్క అక్షరం తప్పు లేదు.

కీర్తిశేషులు అంటే కీర్తి ఒక్కటే శేషంగా మిగిలినవాళ్ళని అర్థం. నా విషయంలో వ్యవహారం తిరగబడింది. కీర్తి సంగతేమోగానీ శేషం మాత్రం కర్ర పొడుచుకుంటూ వచ్చి ఫొటో ముందు నిలబడింది.

ఈ చావుకి మూలం మా పేపరే. లారీ గుద్దిన మర్నాడు 'వంతెనపై మూడో బలి' అని మొదటి పేజీలో వేశారు. ఆ పేజీ చూడాల్సినవాణ్ణి నేను. నేనేమో ఆస్పత్రిలో తెలివి లేకుండా పడున్నాను, ఇంకెవరు దిద్దుతారు? తర్వాత లోపలి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో సవరణ వేశారు. సవరణలు ఎవరూ చదవరని నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

భుజం మీద చెయ్యి పడింది. బెల్లు. మొహంలో నెత్తురుచుక్క లేదు. నన్ను వరండాలోకి లాక్కుపోయాడు.

"రావద్దని చెప్పాను కదరా!"

"కాలు నొప్పెడుతుందని చెప్పావు. చచ్చిపోయానని చెప్పలేదు."

"నెమ్మదిగా మాట్లాడు."

"చచ్చినవాడు ఇంకెంత నెమ్మదిగా మాట్లాడాలి?"

వాడు గోడకి చేరగిలబడి చెప్పాడు.

"రోడ్ల శాఖవాళ్ళకి ఒక నిబంధన ఉందిరా. ఒకే చోట ముగ్గురు పోతేగానీ దాన్ని ప్రమాదస్థలం అనరు. ఇద్దరు పోతే బోర్డు పెడతారు, 'నిదానంగా వెళ్ళండి' అని. ముగ్గురు పోతే గోడ కడతారు."

వంతెన మీద సైకిళ్ళకి విడిగా దారి, దానికీ లారీలకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ కోసం మేమిద్దరం తిరగని ఆఫీసు లేదు. వెళ్ళిన ప్రతిచోటా టీ ఇచ్చి పంపేవాళ్ళు.

"మరి నేను బతికానని వాళ్ళకి చెప్పలేదా?"

"చెప్దామనే అనుకున్నాను. అప్పటికే పేపరు కటింగు పెట్టి ఫైలు కదిలింది. మన జీవితంలో ఎప్పుడైనా కదిలిందా అది? సరిగ్గా అప్పుడే నువ్వు కళ్ళు తెరిచావు. నువ్వు బతకడం సంతోషమేరా. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, అమ్మాయినడుగు. కానీ ఏం చెయ్యను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చెడామడా తిట్టాను. వాడు తలొంచుకుని అన్నీ పడ్డాడు. తిట్లయిపోయాక నెమ్మదిగా అన్నాడు.

"మధ్యాహ్నం చీఫ్ ఇంజనీరు వస్తున్నాడు. నివాళి అవగానే వేదిక మీదే గోడ మంజూరు చేస్తున్నట్టు ప్రకటిస్తాడు. ఒక్క గంట నోరు మూసుకుని కూర్చోరా. రోజూ ఆ వంతెన ఎక్కేదెవరు, నువ్వా నేనా?"

దూరంగా స్టాల్లో మా అమ్మాయి ఎర్ర హెల్మెట్ ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. దాని కాలేజీ రైలు పట్టాలకి అవతల ఉంది. దాని డ్యూటీ వేళలకి బస్సు లేదు. నా కాలు విరిగిన చోటునుంచే పొద్దున పోయి సాయంత్రం వస్తుంది. అది ఇంటికి చేరేదాకా నాకూ మా ఆవిడకీ మాటలుండవు.

పిల్లల కోసం ప్రాణమిస్తామని తండ్రులందరూ అంటారు. నన్ను అడిగింది ఒక్క గంట. సరేనన్నాను.

అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియలేదు. 'అమ్మలూ, కాసేపు నేను చచ్చిపోయాను, కంగారుపడకు' అనడానికి నోరు రాలేదు. "లోపల ఏం చూసినా నోరెత్తకు, తర్వాత చెప్తాను," అన్నాను. అది నా మొహంలోకి చూసి తలూపింది. అక్కడే అసలు సంగతి చెప్పేసి ఉండాల్సింది.

తెల్లతాడు వాళ్ళకి ముందు వరస. నా కుడిపక్కన టీచరమ్మ భర్త కూర్చున్నాడు. గడ్డం చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నన్నెప్పుడూ చూడలేదు. ఫొటోలోని దొంగకీ, బరువు సగానికి సగం తగ్గి గడ్డం పెంచుకున్న నాకూ పోలిక కూడా లేదు.

"ఆ మూడో ఆయన మీకేమవుతారండీ?" అని అడిగాడు.

"దగ్గరవాడే," అన్నాను.

"దుడుకుగా తొక్కేవారా?"

"లేదండీ. మెల్లగానే."

"మా ఆవిడా అంతే. పక్కనే, అంచునే వెళ్ళేది," అన్నాడు.

మా అమ్మాయి ఫొటో చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను కళ్ళతోనే వద్దన్నాను.

చీఫ్ ఇంజనీరు మంచిగానే మాట్లాడాడు. ఆయన్ని తిట్టుకుందామని ఎంత ప్రయత్నించినా దొరకలేదు. చదువుకునే రోజుల్లో తానూ సైకిలు మీదే తిరిగానన్నాడు. ఈ ముగ్గురి త్యాగం ఊరికే పోనివ్వనన్నాడు. నేను ఆ రోజు త్యాగమేమీ చెయ్యలేదు. హ్యాండిలుకి కూరగాయల సంచి తగిలించుకుని ఇంటికొస్తున్నాను. "ప్రకటనకి ముందు, ఆ ముగ్గురినీ తలుచుకుని మౌనం పాటిద్దాం," అన్నాడు.

హాలంతా లేచి నిలబడింది. నేనూ కర్ర ఊతంగా లేచాను. నన్ను నేను ఏమని తలుచుకోవాలి? మంచివాడేనా అని ఆలోచించాను. అప్పులు లేవు. ఇంట్లో కాస్త చిరాకు పడతాడు. పోయినా పెద్ద నష్టం లేదనే అనిపించింది. టీచరమ్మ భర్త కళ్ళు తుడుచుకుని, ఆ తడిచేత్తోనే నా చెయ్యి నొక్కాడు, ధైర్యం చెబుతున్నట్టు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఒక్క ముక్కా నిజం.

ఎడమపక్క మా అమ్మాయి తల దించలేదు, ఫొటో వైపే చూస్తోంది. మంచం మీదున్నన్నాళ్ళూ నన్ను పసిబిడ్డలా చూసుకున్న పిల్ల అది. నేను కళ్ళు తెరిచేదాకా, 'నాన్నా, నేను పిలుస్తున్నా, పలుకు' అని చెవిలో చెబుతూనే ఉందట. అలాంటిది, అంత మంది తల దించుకుని దాని నాన్నని సాగనంపుతుంటే ఎంతసేపు ఊరుకుంటుంది?

"మా నాన్న చచ్చిపోలేదు!"

ఆ నిశ్శబ్దంలో గోడలదిరాయి. నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. "ఇదిగో, ఇక్కడే ఉన్నాడు! బతికే ఉన్నాడు మా నాన్న!" అని ఏడుస్తూ అరిచింది.

వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇక హాలంతా చప్పట్లే. కొందరు కుర్చీలెక్కి ఈల వేశారు. ఇంజనీరు వేదిక దిగివచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు పాపం, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నేను బతికున్నందుకు అంతమంది సంతోషించడం అదే మొదలు, అదే చివర.

ఆయన మైకు దగ్గరికి వెళ్ళాడు. "ఇంతకంటే శుభవార్త ఏముంటుంది?" అన్నాడు. పక్కనున్న గుమాస్తా వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మారిన పరిస్థితుల్లో... ఈ వంతెన ప్రస్తుతానికి నిబంధన కిందికి రాదు. ఈ ఏటి మంజూరు తర్వాతి వరసలో ఉన్న పట్టణానికి వెళుతుంది."

ఆ పట్టణం వాళ్ళు వెనక వరసలో ఉన్నారు. వాళ్ళెవరూ చప్పట్లు కొట్టలేదు. వాళ్ళ ముగ్గురూ నిజంగానే పోయారు.

మా అమ్మాయి పైకెత్తిన నా చేతిని మెల్లగా దించింది. బెల్లు వేదిక మెట్ల మీద కూలబడ్డాడు. నన్ను చూడలేదు. టీచరమ్మ భర్త కూర్చుని, మెళ్ళోంచి తెల్లతాడు కార్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీరు బతికుండటం మంచిదేనండీ," అన్నాడు. "కానీ ఆవిడ పోవడం ఎందుకూ కొరగాకుండా పోయింది."



తిరుగు రైల్లో అమ్మాయికి అంతా చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ వింది.

"ముందే చెప్తే ఊరుకునేదానివి కదూ?" అన్నాను.

"ఊరుకునేదాన్ని కాదు," అంది. "గోడ లేకపోతే జాగ్రత్తగా పోతా. నువ్వు లేవని అందరూ అంటుంటే నిలబడి ఊరుకోవడం నావల్ల కాదు."

మర్నాడు సాయంత్రం గేటు దగ్గర బెల్లు మోగింది. ఎప్పటిలా లోపలికి రాలేదు. నేనే కర్ర పట్టుకుని వెళ్ళాను. తగాదాకి వచ్చాడేమో అనుకున్నాను. మొహం కాస్త తేటగా ఉంది.

"రోడ్ల శాఖకి వెళ్ళొచ్చానురా. గుమాస్తాని బతిమాలాను. ఫైలు మూసెయ్యలేదట. మన రెండు పేర్లూ అలాగే ఉంచారు."

"మరి?"

"మూడో పేరు దగ్గర ఖాళీ వదిలిపెట్టారు. ఎప్పుడు పేరొస్తే అప్పుడు రాసి పంపిస్తారట, మళ్ళీ మొదట్నుంచీ తిరగక్కర్లేదు." ఎంతో కొంత సాధించుకొచ్చినవాడిలా చెప్పాడు. చెబుతూ చెబుతూ నా వెనక చూసి ఆగిపోయాడు.

వెనక మా అమ్మాయి రేపటి కోసం సైకిలుకి గాలి కొడుతోంది.

బెల్లు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఈసారి బెల్లు కొట్టలేదు.

నేను మళ్ళీ ఆఫీసుకి పోతున్నాను. పొద్దున్నే ప్రూఫులు ముందేసుకుని కూర్చుంటాను గానీ ఒక్క అక్షరం కళ్ళకి ఆనదు. వంతెన దిగి అమ్మాయి ఫోను చేస్తుంది. "దాటేశా నాన్నా," అంటుంది, రొప్పుతూ. ఆ పూటకి ఆ ఖాళీ ఖాళీగానే ఉందని తెలిశాక, అప్పుడు ఎర్ర కలం తీస్తాను.