రోజూ వచ్చే పచ్చ టిక్కు

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు మా సర్వర్ చచ్చిపోయింది. లోపలి డిస్క్ రెండుసార్లు టకటకమని మూగబోయింది. నేను భయపడలేదు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వపడ్డాను కూడా. ఇలాంటి రోజు కోసమే కదా ఏడాది క్రితం బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టింది, ఇప్పుడు చూస్తారు ఈ మార్త పనితనం, అనుకున్నాను. ఆ పొగరు సరిగ్గా ఇరవై నిమిషాలు నిలిచింది.

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మాది చిన్న ట్రస్ట్. తలసీమియా ఉన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. వాళ్ళ ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు, బయటి రక్తంతోనే బతకాలి. ఎందరెందరి రక్తమో ఎక్కగా ఎక్కగా కొందరికి కొన్ని రకాలు పడకుండా పోతాయి. గ్రూపు కలిసినా సరే, ఆ రకం ఎక్కిస్తే ఒళ్ళు దాని మీద తిరగబడుతుంది. ఏ బిడ్డకు ఏది పడదో మా డేటాబేస్‌లో ఉంటుంది. దాన్ని కాపాడటమే నా ఉద్యోగం.

రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు డేటాబేస్ మొత్తం ఒక బయటి డిస్క్‌లోకి కాపీ కావాలని నేనే సెట్ చేశాను. పని పూర్తయ్యాక నా ఫోన్‌కు పచ్చ టిక్కుతో ఒక మెయిల్ వస్తుంది. అన్నం తింటూ ఆ టిక్కు చూసుకోవడం నాకు అలవాటు. అది చూస్తే పెరుగన్నం ఇంకొంచెం రుచిగా ఉండేది. ఒక్కసారైనా ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో ఎక్కించి లోపల ఏముందో చూశానా అంటే, లేదు. టిక్కు వస్తోంది కదా!

బయటి డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చివరి కాపీ తేదీ చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అక్టోబరు. మేమున్నది మార్చిలో.

అప్పుడు గుర్తొచ్చింది ఆయుధపూజ. బెంగళూరులో ఆ రోజు ఆటో నుంచి కుట్టుమిషను దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పడాల్సిందే. మా ఆఫీసు పనులన్నీ చూసుకునే అంబిక సర్వర్‌ను ఆపించి బొట్టు పెట్టింది. బయటి డిస్క్‌ను ఊడదీసి, తుడిచి, ల్యాబ్‌లోని కత్తెరలతో, మైక్రోస్కోపుతో కలిపి అమ్మవారి ముందు పెట్టింది. పూజలో పెట్టినవాటిని దశమి దాటేదాకా కదపకూడదట. రికార్డులు కావాలి గనుక సర్వర్‌ను మాత్రం సాయంత్రమే ఆన్ చేశాం. డిస్క్ ఎప్పుడిస్తావని నేను అడగలేదు. నేను చర్చికి పోయేదాన్ని, పూజలో ఉన్న వస్తువు కోసం తొందరపెడితే ఏమనుకుంటుందో అని మర్యాదకు పోయాను. రెండు రోజుల తర్వాత బొట్టుతో సహా డిస్క్ ఎప్పటి చోటే కనబడింది, ఒంటిగంటకు టిక్కు వచ్చింది. సరే అనుకున్నాను.

జరిగింది ఇదీ. సర్వర్ ఆన్ అయినప్పుడు బయటి డిస్క్ లేదు. దాని పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ మాత్రం సర్వర్‌లోనే ఉంది. సాఫ్ట్‌వేర్ అందులోనే రాసుకుంటూ పోయింది. తర్వాత డిస్క్ తగిలించినా, దాన్ని మళ్ళీ చేర్చుకోమని సర్వర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఒకరు నేనే. ఐదు నెలల కాపీలు సర్వర్ పొట్టలోనే పేరుకుని, దానితోపాటే పోయాయి. డిస్క్ బాగుచేసేవాళ్ళకు ఫోన్ చేస్తే వారం పడుతుంది, హామీ ఇవ్వలేం అన్నారు. ఇందులో అంబిక తప్పు ఇసుమంతైనా లేదు.

పదకొండింటికి ఆదెమ్మ వచ్చింది. ఆలూరు వైపు మనిషి, కాడుగోడి దగ్గర కట్టే అపార్టుమెంట్లలో ఇటుకలు మోస్తుంది. ఏడేళ్ళ కూతురు రేణుకను భుజాన వేసుకుని రెండు బస్సులు మారి వచ్చింది. పాప పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. హిమోగ్లోబిన్ చూస్తే నాలుగు పాయింట్ ఆరు, ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. ఆ పాప మా దగ్గర చేరింది నవంబరులో. అంటే రేణుక అన్న పేరే ఇప్పుడు మా దగ్గర లేదు.

డాక్టర్ రాజగోపాల్ నా గదికి వచ్చారు. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగాయన.

"ఈ పాపకు జనవరిలో పరీక్ష చేసినాము కదమ్మా. రెండు రకాలు పడవని వచ్చినట్టు జ్ఞాపకం ఉండాది. ఏ రెండో చూసి చెప్పు."

"సార్, డేటా లేదు."

"లేదంటే?"

"బ్యాకప్ ఫెయిల్ అయింది సార్. అక్టోబర్ వరకే ఉంది."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "రిజిస్టర్?" అన్నారు. అని, తనే ఆగిపోయారు.

నీలం అట్ట రిజిస్టర్‌ను నవంబరు ఒకటి నుంచి ఆపించింది నేనే. రెండుచోట్ల రాయడం టైమ్ వేస్ట్ సార్, గ్యారంటీ నాది అని ఆయన టేబుల్ ముందు నిలబడి వాదించాను. ఆ మాట ఆయన ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది.

"మళ్ళీ పరీక్ష చేస్తాము. రేపు మధ్యాహ్నం దాకా పడతాది. ఒక్కొక్కసారి ఇవి అణిగిపోయి పరీక్షలో కనపడవు. కనపడలేదు కదా అని ఎక్కిస్తే వారానికి తిరగబడతాది. అదే నా భయం." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఆ తల్లికి నువ్వే చెప్పు."

వార్డులోకి నడిచిన ఆ ఇరవై అడుగులూ నాకు ఇప్పటికీ గుర్తే.

"అక్కా, పాపకి ఈరోజు బ్లడ్ ఎక్కించలేం."

"ఏం మేడమ్, రక్తం దొరకలేదా?"

"దొరికింది. కానీ పాపకి ఏది పడదో రాసిపెట్టుకున్నది పోయింది. నా తప్పే అక్కా. నేను సరిగ్గా చూసుకోలేదు."

"అంతా కంప్యూటర్లో ఉండాది, ఏం కాదని నువ్వే చెప్తివి కదమ్మా."

"చెప్పాను."

"మళ్ళా సూది పొడవాల్నా?"

"పొడవాలి."

ఆమె "రేణూ, చెయ్యి ఇయ్యి" అని పాప ముఖాన్ని తన చీరలోకి తిప్పుకుంది. నరం మూడోసారికి గాని దొరకలేదు. పాపకు ఏడ్చే ఓపిక కూడా లేదు. నేను అక్కణ్ణుంచి కదల్లేదు. కదిలే ముఖం నాకు లేదు.

మంగళవారం పదకొండింటికి ఒకటి తేలింది. రెండోది లేదు.

"రెండని నాకు జ్ఞాపకం ఉండాది," అన్నారు రాజగోపాల్, "అయినా వయసైన బుర్ర. తప్పు కూడా కావచ్చు."

పాప ఊపిరి ఎగబీలుస్తోంది. ఆగితే గుండె అలిసిపోతుంది. ఎక్కిస్తే, ఆ రెండోది నిజంగా ఉంటే, ఎక్కించిన రక్తమే శత్రువవుతుంది. "ఇంకొక విధంగా చేసి చూస్తా. స్వల్ప ఆగమ్మా" అని ఆయన ల్యాబ్‌లోకి వెళ్ళారు. నేను తలుపుకు ఎదురుగా కూర్చున్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. నా వల్ల ఈ బిడ్డకు ఏమైనా అయితే? ఆ వాక్యాన్ని పూర్తిచేయలేక మళ్ళీ మొదటికే వచ్చేదాన్ని. అంబిక టీ తెచ్చి పక్కన పెట్టింది, అది అక్కడే చల్లారిపోయింది.

నాలుగున్నరకు ఆయన బయటికి వచ్చారు. "ఉండాది. చాలా సన్నగా ఉండాది, అయినా ఉండాదమ్మా."

నేను గోడకు తిరిగి ఏడ్చాను. ఆ రెండూ లేని రక్తం ఆరింటికి వచ్చింది. ఎక్కించడం మొదలైంది.

బుధవారం పొద్దునకు రేణుక బిస్కెట్లు అడిగింది. పెదవుల్లోకి రంగు వచ్చింది. ఇంటికి బయలుదేరే ముందు ఆదెమ్మ నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"ఆ పడని రెండింటి పేర్లు నాకొక కాగితం మీద రాసీ మేడమ్. నా దగ్గర పెట్టుకుంటా."

మందపాటి అట్ట ముక్క మీద పైన ఇంగ్లీషులో, కింద తెలుగులో గుండ్రంగా రాశాను. రేణుక, ఏడేళ్ళు. ఈ బిడ్డకు ఇంగ్లీషు పెద్ద అక్షరం ‘ఈ’ (E) రకం, కెల్ రకం రక్తం ఎక్కించకూడదు. డాక్టర్‌గారి సంతకం, ఫోన్ నంబరు. చదివి వినిపించాను. ఆమె నాతోపాటు పెదవులు కదుపుతూ విన్నది, అట్ట తీసుకుని పాపతో మెట్లు దిగింది.

కిటికీలోంచి చూస్తే ఆమె గేటు దగ్గర ఆగింది. మా వాచ్‌మన్ సుంకన్నకు ఆ అట్ట ఇచ్చింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని కూడబలుక్కుని చదువుతుంటే, ఆమె వేళ్ళు మడుస్తోంది. ఒకటి, రెండు. నాకు ఎక్కడో చురుక్కుమంది. గబగబా కిందికి దిగాను.

"ఏంటక్కా, నేను చదివాను కదా? నమ్మకం లేదా?"

"అట్లా కాదు మేడమ్. నువ్వు రాసిండేది నువ్వే చదివితే నాకేం తెలుస్తాది? నాకా అక్షరం ముక్క రాదు. ఇంగొకరు చదివితే కదా, అది దాంట్లో ఉండాదో లేదో తెలిసేది."

కోపంగా అనలేదు. మామూలుగా అంది. అట్టను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, "బస్సు పోతాది" అంటూ పాప చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది.

నేను గేటు దగ్గరే ఉండిపోయాను. ఏడాదిలో ఒక్కసారి, ఒక్క మధ్యాహ్నం, ఆ మాత్రం పని నేను చేయలేదు.