చిక్కుడుకాయల సంఘం

మొగల్తూరు వీరబాబు రాసిన ప్రేమ నవల చదవని మనిషి ఉభయ గోదావరి జిల్లాల్లో లేడని నేను చెబితే మీరు నమ్మి తీరాలి. భీమవరం బస్సులో కండక్టరు ఆ నవలలో పడి టికెట్లు కొట్టడం మరిచిపోయాడు. నరసాపురం రేవులో పంటు ఎక్కినవాళ్లు అవతలి ఒడ్డు వచ్చినా, నాయిక ఏం జవాబిచ్చిందో తెలిశాకే దిగుతామని భీష్మించుకు కూర్చుంటే, పంటు వాళ్లని మళ్లీ ఇవతలికి తెచ్చి దింపింది. అంత గొప్ప నవల మన చెయ్యి జారిపోబోయి ఎలా నిలబడిందో చెప్పడానికే ఈ కథ.

వీరబాబుది వేటకు వెళ్లే కుటుంబం. తండ్రి సముద్రాన్ని నమ్ముకుంటే కొడుకు ఐసును నమ్ముకున్నాడు. భీమవరంలో రొయ్యలకు ఐసు పోసే ఫ్యాక్టరీలో పని. మీసాలు చూస్తే ఊళ్లో తగువు తీర్చడానికి వచ్చినవాడిలా ఉంటాడు. డబ్బాల్లో పోసిన నీళ్లు దిమ్మ కట్టేదాకా అక్కడ పెద్ద పనేమీ ఉండదు. ఆ ఖాళీలో, కంప్రెసరు రొద పక్కన బల్ల మీద కూర్చుని, వీరబాబు ప్రేమకథలు రాసేవాడు. నాయకుడు నాయిక చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉందని రాసేముందు తన వేళ్లు తానే ఊదుకునేవాడు.

మన సమాజంలో ఒక చిత్రం ఉంది, గమనించారో లేదో. హత్యల కథ రాసినవాణ్ణి తెలివైనవాడంటాం. దయ్యాల కథ రాస్తే ధైర్యవంతుడంటాం. ప్రేమకథ రాశాడంటే మాత్రం మూతి ముడిచి నవ్వుతాం. ఆడమనిషి రాస్తే వాళ్లాయనకి చెబుతామంటాం, మీసాలవాడు రాస్తే వాళ్లావిడకి చెబుతామంటాం. ఆ నవ్వుకు జడిసి ఎంతమంది తమ రాతల్ని బియ్యం డబ్బా వెనక దాచుకున్నారో లెక్కగట్టినవాడు లేడు.

వీరబాబు కూడా జడిశాడు. జడిసి ఒక తెలివితక్కువ పని చేశాడు. తన కథలన్నిటి మీదా భార్య ఉషారాణి పేరు వేశాడు. ప్రేమకథ మీద ఆడవాళ్ల పేరుంటే చదువుతారని అతని నమ్మకం. ఈ సంగతి ఉషారాణికి తెలియదు. ఆవిడ పొద్దున్నే మార్కెట్లో చేపల గంప ముందు కూర్చుంటే బేరమాడేవాళ్లు రెండో మాటకు తగ్గాల్సిందే. అంత మాటకారి భార్యతో, పెళ్లయిన ఇన్నేళ్లలో, వీరబాబు ఒక్క ముద్దుమాట అన్న పాపాన పోలేదు. ఉన్న ముద్దుమాటలన్నీ కాగితాల మీదే ఖర్చయిపోయేవి.

కథల్ని పత్రికలకూ, నవలని ప్రచురణకర్తలకూ పంపాడు. బాగుందనీ లేదు, బాగోలేదనీ లేదు. చెరువులో రాయి వేస్తే గుబుక్కుమని చప్పుడైనా వస్తుంది, ఇక్కడ అదీ లేదు. మనసు విరిగిపోతున్న వేళ ఒక ప్రచురణకర్త ఫోన్ చేశాడు. నవల చదివి కన్నీళ్లు పెట్టుకున్నానన్నాడు. కాకపోతే కొత్త పేరుకు జనం అలవాటు పడరు కనుక పేరున్న ఒక రచయిత్రి పేరుతో వేస్తామన్నాడు. నవల పూర్తిగా తమకే చెందుతుందనీ, రాసినావిడ ఇది నాదని ఎక్కడా అనకూడదనీ, ఉషారాణిగారి చేత సంతకం పెట్టిస్తే చాలనీ అన్నాడు. తమరెవరని అడిగితే, వీరబాబు కంగారులో, ఆవిడ అన్నయ్యనండి అనేశాడు.

పేరు పోతే పోయింది, అచ్చులో చూసుకోవచ్చు కదా అనుకున్నాడు వీరబాబు. రేషన్ కార్డు పనని చెప్పి సోమవారం ఉషారాణి చేత సంతకం పెట్టించడానికి సిద్ధపడ్డాడు. అయినా ఎక్కడో పీకింది. పిల్లని అత్తారింటికి పంపేముందు నలుగురికీ చూపించుకున్నట్టు, ఇచ్చేసేముందు ఒక్కసారి నలుగురూ వింటే బాగుణ్ణనిపించింది. నరసాపురం గ్రంథాలయం గోడ మీద ఒక కాగితం చూశాడు. అచ్చుకాని ప్రేమకథలు రాసేవాళ్ల సంఘం ఒకటుందనీ, ఆదివారం పొద్దున బుల్లెమ్మగారింట్లో కలుస్తారనీ, ఎవరైనా రావచ్చనీ దాని మీద ఉంది.

ఇక్కడ వీరబాబుకు తెలియని సంగతి ఒకటి మీకు చెప్పాలి. శనివారం అతను ఫోన్ ఇంట్లో చార్జింగులో మరిచిపోయి పనికి వెళ్లాడు. మోగితే ఉషారాణి తీసింది. అవతలి మనిషి నవలను మెచ్చుకుని, కన్నీళ్ల గురించి చెప్పి, సంతకం ఎప్పుడు పెడతారమ్మా, మీ అన్నయ్యగారు సోమవారం అన్నారు అన్నాడు. ఉషారాణికి అన్నయ్యలు లేరు. ఫోన్ పెట్టేసి, జీవితంలో మొదటిసారి, ఒక్క మాటా అనకుండా ఊరుకుంది. ఆదివారం మొగుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని నరసాపురం బస్సెక్కితే, తను తర్వాతి బస్సెక్కింది. బస్టాండులో దిగి, మీసాలాయన ఎటెళ్లాడని అడుగుతూ వెళితే, దారి చెప్పనివాడు లేడు.

బుల్లెమ్మగారు రిటైరైన తెలుగు టీచరు. ఆవిడ హాల్లో పదిమందిదాకా చాప మీద కూర్చున్నారు. ఆసుపత్రిలో నర్సు క్రిస్టినా, కోర్టులో గుమస్తాగిరీ చేసి వచ్చిన ప్రసన్నకుమార్, ఇంకా కొందరు. అందరూ ప్రేమకథలు రాసేవాళ్లే, ఎవరిదీ అచ్చు కాలేదు. వీరబాబు తన చెల్లెలు ఉషారాణి రాసిందని చెప్పి కాగితాలు ఇచ్చాడు. బుల్లెమ్మగారు అతని చేతిలో ఒక చేట పెట్టారు. చేట నిండా చిక్కుడుకాయలు.

ఆ సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి కథ వాళ్లు చదువుకోకూడదు, ఇంకొకరు చదవాలి. చదువుతున్నంతసేపూ రాసినవాళ్లు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చోవాలి. నోరెత్తకూడదు. చేతులు ఖాళీగా ఉంటే ప్రతి రచయితా గాలిలో చేతులూపుతూ తన కథకు తానే వకాల్తా పుచ్చుకుంటాడని బుల్లెమ్మగారి అనుభవం. ఆ కాయలే మధ్యాహ్నం కూర. ఈనె మిగలకుండా కూర బాగా కుదిరిందంటే ఆ రోజు కథ దెబ్బతిన్నదని లెక్క, రాసినవాడు తలెత్తలేదన్నమాట. చెల్లెలు రాలేదు కనుక అన్నగారు తీయాలన్నారు.

క్రిస్టినా మొదటి అధ్యాయాలు చదివింది. నవలలో నాయిక మల్లెపందిరి కింద నిలబడి కన్నీరు కారుస్తుంది. నాయకుడు ఏమడిగినా తల వంచుకుంటుంది. వాన వస్తే సొమ్మసిల్లుతుంది, ఎండ కాస్తే మళ్లీ సొమ్మసిల్లుతుంది. అయితే నాయకుడు ఆమెను గురించి మనసులో అనుకునే మాటలున్నాయే, అవి చదువుతుంటే క్రిస్టినా గొంతు తెలియకుండానే మెత్తబడింది. పొద్దున్నే ఆమె నడిచి వెళ్లిన దారిలో ఉప్పుగాలి కూడా తీపెక్కుతుందని అతను అనుకుంటాడు. ఆమె చేతివేళ్ల మీది పొలుసుల మెరుపు ఏ నగకూ రాదనుకుంటాడు. ఆ మాట దగ్గర హాల్లో ఎవరూ కదల్లేదు.

చదవడం అయ్యాక ఒకరి తరవాత ఒకరు చెప్పారు. నాయకుడి మాటలు బంగారమన్నారు. నాయిక మాత్రం మనిషిలా లేదన్నారు. ఆకలి వెయ్యదు, కోపం రాదు, వేళ్ల మీద పొలుసులున్న పిల్ల ఒక్క చేపనైనా ముట్టుకోదు. చివరికి క్రిస్టినా కాగితాలు మడుస్తూ, "ఏమనుకోకండి వీరబాబుగారూ, ఈ పిల్లకి నోరు లేదేంటండి? ఆడమనిషి రాసినట్టు లేదు. ఆడమనిషిని దూరంగా నిలబడి చూసి, మాట్లాడ్డానికి భయపడేవాళ్లు రాసినట్టుంది" అంది.

వీరబాబు తలెత్తలేదు. చిక్కుడుకాయలు అద్దంలా తయారవుతున్నాయి.

"సరిగ్గా చెప్పారండి," అని గుమ్మంలోంచి వినిపించింది.

అందరూ తిరిగి చూశారు. ఉషారాణి ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటినుంచి వింటోందో ఎవరికీ తెలియదు.

"నేనేనండి ఆ ఉషారాణిని. ఈయన నాకు అన్నయ్యంట. ఇరవయ్యేళ్లు కాపురం చేశాక తెలిసింది." చెప్పులు విడిచి లోపలికి వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. "ఏంటయ్యా, నా పేరెట్టుకుని నాకే నోరు తీసేశావా? నేనెప్పుడైనా సొమ్మసిల్లానా?"

"లేదే," అన్నాడు వీరబాబు. కట్టుబాటు ప్రకారం అతను మాట్లాడకూడదు గాని, బుల్లెమ్మగారు చూసీచూడనట్టు ఊరుకున్నారు.

"మరి ఆ పొలుసుల మాట?"

"అది నీదే."

"ఇంట్లో అనకూడదా అది?"

"అంటే నవ్వుతావని."

పక్కన వంటావిడ ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ ఘాటుకు ఉషారాణి కళ్లు తుడుచుకుని, మొగుడి చేటలోంచి సగం కాయలు తన ఒళ్లోకి లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. తీస్తూనే శనివారం ఫోన్ సంగతంతా సంఘానికి చెప్పేసింది. సోమవారం పెట్టాల్సిన సంతకం సంగతి చెబుతూ మొగుడి వైపు చూసింది. వీరబాబు రేషన్ కార్డు అబద్ధాన్ని కూడా తనే ఒప్పుకున్నాడు.

ప్రసన్నకుమార్ నవ్వాపుకోలేక, "కన్నీళ్లు పెట్టుకున్నానన్నాడా అండి? నాది హాస్య ప్రేమకథండి. దానికీ ఏడ్చాడు" అన్నాడు. క్రిస్టినాకూ ఫోన్ వచ్చింది. మూలన కూర్చున్న లోవలక్ష్మి అనే పిల్ల ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు గాని, ఆమెకూ వచ్చింది. అవే కన్నీళ్లు, అవే మాటలు. తన ఒక్కదాని కథకే ఆయన ఏడ్చాడని ఆ పిల్ల ఇన్నాళ్లూ మురుస్తూ సంతకం పెట్టేద్దామా అని చూస్తోంది. సంతకం పెడితే ఆ కథను రేపు సినిమా తీసినా, ఇంకో భాషలో వేసినా అడిగే హక్కుండదనీ, కనీసం పిల్లలకి ఇది నేను రాశానని చూపించుకునే వీలూ ఉండదనీ ప్రసన్నకుమార్ విడమరిచి చెప్పాడు. ఆ మధ్యాహ్నమే సంఘం తరఫున ఆ మనిషికి ఫోన్ చేశారు. సంఘమనే మాట వినగానే, సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాడు. మళ్లీ ఎవరి కథకీ ఏడవలేదు.

కూర వడ్డిస్తూ బుల్లెమ్మగారు వీరబాబుతో అన్న మాటలు ఈ కథకు ప్రాణం. నేను వాటికి ఏమీ చేర్చలేదు.

"ఒంటరిగా రాసుకునేవాడికి తన కథ ఎక్కడ కుంటుతోందో చెప్పేవాళ్లుండరు వీరబాబుగారూ. మోసగాడు ఫోన్ చేస్తే, ఆగండి, అడిగి చెబుతానని అనడానికి అడిగే మనిషీ ఉండడు. మేమెవ్వరం మీ నవల అచ్చు వెయ్యలేం. వింటాం, ఉన్నమాట చెబుతాం, కాగితం మీద సంతకం పెట్టేముందు పక్కన కూర్చుంటాం. ప్రేమకథ రాసినందుకు సిగ్గుపడక్కర్లేదని నలుగురం కలిసి చెబితే మీకూ నమ్మకం కలుగుతుంది. సంఘం ఎందుకంటే అందుకేనండి."

ఆ రోజే వీరబాబు సంఘంలో చేరాడు, తన సొంత పేరుతో. ఉషారాణి రాయకపోయినా చేరింది. తన మీద రాసేవాణ్ణి కనిపెట్టుకుని ఉండాలంది. ఇప్పుడు ఆ నవలలో నాయిక బేరమాడుతుంది, అలుగుతుంది, అరటికాయ వేపుడు తింటుంది, నాయకుడు మాట తడబడితే వెక్కిరిస్తుంది. సోమవారాలు ఇంట్లో ఉషారాణి చేపలు కడుగుతూ ఉంటే వీరబాబు కొత్త పేజీ చదివి వినిపిస్తాడు. కొన్ని మాటలు కాగితం చూడకుండానే అంటున్నాడని వినికిడి.

ఇక మొదట్లో నేను చెప్పిన కండక్టరు, పంటు సంగతులు. ఏమనుకోకండి, ఆ నవల ఇంకా అచ్చే కాలేదు. విన్నది ఆ చాప మీద కూర్చునే పదిమందే. కాని ఆ పదిమంది విన్నట్టు ఏ నవలనీ ఎవరూ విని ఉండరు. మీ ఇంట్లోనూ బియ్యం డబ్బా వెనక కాగితాలుంటే బయటికి తీయండి. మీలాంటి వాళ్లు పదిమంది ఎక్కడ కూర్చుంటారో వెతుక్కుని వెళ్లండి. లేకపోతే మీరే ఒక చాప పరచండి.

పంటు అబద్ధం ఒప్పుకున్నాను కనుక ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. కథలో నేను కల్పించింది అదొక్కటే మిగిలింది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ ఉల్లిపాయలు తరగలేదు.