పసుపు కొమ్ముకు పలకని మిషను

సుంకమ్మ వేరుశనగ చేను ఈ పొద్దు నాలుగు సాళ్ళు ఎక్కువుంది. నిన్న సాయంత్రం నలభై, తెల్లారితే నలభై నాలుగు. గట్టు జరిగిన గుర్తు లేదు, పక్క చేను తగ్గిందీ లేదు. పెరిగింది మనదేగా, పోనీలే అనుకునే మనిషి కాదు సుంకమ్మ. దేవుడు వరమిచ్చినా తిరగేసి చూసే రకం.

ఆమె భుజాన మెటల్ డిటెక్టర్ ఉంది. పదకొండు రోజుల కింద కలుపు తీస్తుంటే తాళి ఈ చేలోనే తెగి పడింది. అప్పట్నుంచీ పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టుకుని తిరుగుతోంది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆమె మొహం చూడరు, మెడ చూస్తారు. ఆ చూపులకు ఆమెకు ఒళ్ళు మండిపోతుంది.

మిషను టౌనులో మోటార్లు బాగుచేసే కాశింసాబుది. ఇచ్చేటప్పుడు ఒకే మాట చెప్పాడు.

"నేరుగా ఎతకబోకమ్మా. ముందు నీ సామాన్లు నువ్వే పూడ్చి, దీంతో ఎతికించు. ఒక్కోదానికి ఒక్కో గొంతుంటాది. గొంతు తెలిసినాక నమ్ము."

"తెలీకపోతే?"

"అదే నిన్ను తెలుసుకుంటాది."

సుంకమ్మ ఇంటి బీగం చెవి పూడుస్తుంది. మిషను ముసలమ్మలా దగ్గుతుంది. తవ్వితే బీగం వస్తుంది, చెవి రాదు. కొడవలి పూడిస్తే గడ్డిమోపు వస్తుంది, ఇంకా తడారలేదు. ఆవు మెడలో గంట పూడిస్తే ఆవే లేచి, మట్టి దులుపుకుని మేతకు పోతుంది.

ఔరా, నేల ఊరికే ఏదీ తీసుకోదన్నమాట! ఒకటి మింగితే దాని జత కక్కుతుంది. అనుమానం తీరక ఆమె బీగాన్ని మళ్ళీ పూడుస్తుంది. ఈసారి చెవి వస్తుంది. అంతా పద్ధతిగానే ఉంది.

అప్పుడు పడుతుంది ఆమె గుండెల్లో రాయి. మరి తాళి పూడిస్తే ఏం వస్తుంది?

గట్టు మీద మొగుడు మద్దిలేటి కూర్చుని సంగటి తింటున్నాడు. బిల్డింగు పనికని బెంగుళూరు పోయి, మూడు నెలలు ఫోనైనా చెయ్యని మనిషి. సరిగ్గా తాళి తెగిన పొద్దే వచ్చాడు. రోడ్డు వైపునుంచి కాదు, చేను నడిమధ్యనుంచి. చెవుల్లో ఎర్రమన్ను. వచ్చాడన్న సంతోషంలో ఆమె కాళ్ళకు నీళ్ళిచ్చిందేగానీ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతోంది.

"ఆ పొద్దు యాడ దిగినావు?"

"చెప్తినే, రోడ్డు మీద. అడ్డదారిన నడిచొచ్చినా."

"రోడ్డు పక్క మన్ను నల్లది కదయ్యా."

మద్దిలేటి ఇంకో ముద్ద తింటాడు. సుంకమ్మ మిషనును అతని వైపు తిప్పుతుంది. మెడలో పసుపు కొమ్ముకు పలకని మిషను మొగుడికి పలుకుతుంది. అదీ కొత్త పెళ్ళికూతురి గొంతుతో, గోముగా.

అతను గిన్నె పక్కన పెడతాడు. "నన్ను పూడిస్తే నీ తాళి వస్తాదిలే. కానియ్యి. నీ మెడ అట్లుంటే నాకూ బాగలేదు."

నలభై ఒకటో సాలులో గుంత తీసి అతన్ని నిలబెడుతుంది. మోకాళ్ళ దాకా మన్ను తోస్తే పక్క సాలు ఉబ్బుతుంది. నడుం దాకా తోస్తే పసుపుతాడు కొస కనిపిస్తుంది. రొమ్ము దాకా తోసేసరికి ఒక బొట్టు తళుక్కుమంటుంది. అది అత్తింటిది. పుట్టింటి బొట్టు ఇంకా లోపలే ఉంది. తల మునిగితే అదీ వస్తుంది.

"నొప్పిగా ఉండాదా?"

"లేదు. అలవాటైనట్టే ఉండాది."

ఆ మాటకు ఆమెకు ఏడుపు తన్నుకొస్తుంది. మూడు నెలలు ఒంటికాయ సొంటికొమ్ములా బతికింది తానే కదా. "తాళి గంగలో కలవనీ!" అని పార విసిరేస్తుంది. వేరుశనగ చెట్టు పీకినట్టు అతని రెండు చేతులూ పట్టి పీకుతుంది. తాడు మళ్ళీ మట్టిలోకి జారిపోతుంది.

పీకిన చెట్టును దులపడం చేతికి అలవాటు. మొగుణ్ణి కూడా దులుపుతుంది. అతని పాదాలకు అయిదు కాయలు వేలాడుతున్నాయి.

మొదటి కాయ చిదిమితే రెండు గింజల చోట రెండు బొట్లు. పుట్టింటి బొట్టు మీద నాన్న గీయించిన గీత ఉంది. తనదే! సంతోషంతో రెంటినీ కొంగున ముడేసుకుంటుంది. ఆ ఊపులోనే రెండో కాయ చిదుముతుంది. అందులోనూ రెండు బొట్లు. మూడోదాంట్లోనూ, నాలుగోదాంట్లోనూ, అయిదోదాంట్లోనూ అంతే.

"ఇవెవరివయ్యా?"

మద్దిలేటి చెవిలో మన్ను తీసుకుంటాడు. "ఏమీ వినపడలే."

కొత్త సాళ్ళ వెంట నలుగురు ఆడవాళ్ళు వస్తున్నారు, సాలుకొకరు. ఎవరికీ తొందర లేదు. అందరి మెడల్లోనూ పసుపు కొమ్ము, భుజాన మిషను, చేతిలో పార. నాలుగు మిషన్లూ మద్దిలేటి వైపు తిరిగి గోముగా పలుకుతాయి.

సుంకమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. "ముందు పీకింది నేను," అంటుంది.

"తెలుసులే అక్కా," అంటుంది ముందున్నామె, పార కిందికి దించుతూ. "మేం ఈయన్ని మళ్ళా నాటుకుంటాం."

సుంకమ్మ చెయ్యి వదలదు. ఆమె పిడికిట్లోనే అతని వేళ్ళు ఒక్కొక్కటీ పసుప్పచ్చగా పూస్తున్నాయి.