కొక్కేనికి తగిలించిన సాయంత్రం

పెళ్లయి ఇంకా నెల నిండలేదు కాబట్టి, "మా ఆయన" అనే మాట వాడే అవకాశం ఎక్కడ దొరికినా నేను వదలడం లేదు. రైల్లో ఎదురు సీటావిడ టైమెంతని అడిగితే "మా ఆయన్ని అడిగి చెప్తానండీ" అన్నాను, వాచీ నా చేతికే ఉన్నా. మా ఆయనకి మాత్రం ఈ హోదా ఇంకా ఒంటబట్టలేదు. "ఏవండీ" అని పిలిస్తే వెనక్కి తిరిగి, ఇంకెవరినో పిలుస్తున్నానేమోనని చూస్తాడు. "నిన్నే, నువ్వే" అంటేగాని పలకడు.

మేం దిగిన హోటలు ఒకప్పుడు గుండీల ఫ్యాక్టరీ. మొత్తం తొమ్మిది గదులు, ఒకదానిలా ఇంకొకటి ఉండదు. మా గది గుండీలకి రంగులు వేసిన గదట. నేల మీద అప్పటి నీలం మరకలు అలాగే ఉంచారు. ఇటుకల గోడ, ఎత్తయిన కిటికీ, కిటికీ పక్కన గదిలోనే, మంచానికి నాలుగడుగుల దూరంలో, పెద్ద స్నానాల తొట్టి. మా ఆయన తొట్టి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, తలుపు కోసం గోడలు తడిమాడు. తలుపు లేదు. తెర ఉంది. అదీ పల్చటిది.

"వీళ్లు తలుపు పెట్టడం మర్చిపోయారు" అన్నాడు.

"మర్చిపోలేదు. అది లేనందుకే ఈ గదికి ఎక్కువ తీసుకున్నారు" అన్నాను.

చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆయన పెద్దాసుపత్రి మందుల షాపులో పనిచేస్తాడు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు దాని మీద ఏం రాశారో చదువుతాడు. ఆ తొట్టి పక్కనున్న సబ్బు అట్ట కూడా వెనకా ముందూ చదివి, "ఫర్వాలేదు, వాడొచ్చు" అని నాకు అనుమతిచ్చాడు. నేను ఒకటో తరగతి టీచర్ని. నాకు ఎవరూ అనుమతి ఇవ్వరు, నేనే ఇస్తాను. అయినా ఆ పూటకి ఊరుకున్నాను.

ఆ ఊళ్లో చూడాల్సినవి పాత బార్లేనని హోటల్లో తాళాలిచ్చే అమ్మాయి చెప్పింది. నిజానికి మేమిద్దరం కలిసి ఒక్క బీరు తెప్పించుకుంటే, సగమయ్యేసరికి నేను నవ్వడమూ మా ఆయన ఆవలించడమూ మొదలవుతాయి. మేం వెళ్లింది తాగడానికి కాదు, చూడటానికి. మొదటి దాంట్లో పైకప్పంతా అద్దం. పైకి చూస్తే మా ఇద్దరి పాపిళ్లూ కనిపించాయి. ఆయనకి నడినెత్తిన జుట్టు పల్చబడుతోందని అప్పుడే తెలిసింది, పైకి మాత్రం అనలేదు. రెండోది అచ్చాఫీసు పనివాళ్ల బారు. గోడలకి పాత పత్రికల కాగితాలు అంటించి వార్నిషు కొట్టారు. ఎప్పుడో తాతల కాలంలో తప్పిపోయిన కుక్క గురించిన ప్రకటన ఒకటి కనిపించింది. అది దొరికిందో లేదో పక్క కాగితంలో ఉంటుందేమోనని మా ఆయన చేతిలో గ్లాసుతో గోడంతా వెతికాడు. వెతుకుతుంటే వెనక నిలబడి చూస్తూ, వీణ్ణి చేసుకుని మంచిపని చేశానని మరోసారి అనుకున్నాను.

మూడోదానికి వెళ్లింది చివరి సాయంత్రం. ఏడింటికి మా హోటలు మేడ మీద భోజనం. అక్కడ కిటికీ పక్క టేబులు ఒక్కటే ఉంది. కొత్తజంట అని చెప్పి ఆ తాళాల అమ్మాయి మా కోసం పట్టి ఉంచింది. ఈలోపు ఓ అరగంట కూర్చొని వద్దామని వానలో పరుగెత్తుకుంటూ ఆ బార్లోకి దూరాం.

లోపల నల్లటి చెక్క కౌంటరు, మోచేతులు ఆనే చోటల్లా అరిగి గుంటలు పడింది. తలుపు పక్క గోడకి సన్నటి ఇనుప కొక్కేలు వరసగా ఉన్నాయి. కౌంటరు లోపలికి వెళ్లే దారి దగ్గర మాత్రం ఒక్కటే పెద్ద ఇత్తడి కొక్కెం, ఖాళీగా, తళతళలాడుతూ ఉంది.

"ఈ సన్నవాటికి ఒక్కొక్క కోటే పడుతుంది" అన్నాడు మా ఆయన.

"అయితే విడివిడిగా తగిలించు."

"ఎందుకూ?" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు.

పెట్టెలో మా బట్టలు కలిపే మడతపెట్టుకుంటున్న రోజులు మరి. నా రెయిన్‌కోటుని తన దాంట్లోకి, చేతుల్లోకి చేతులు వచ్చేలా దూర్చి, రెండూ కలిపి ఆ ఇత్తడి కొక్కేనికి తగిలించాడు.

బారంతా గప్‌చుప్ అయింది. కౌంటరు దగ్గర కూర్చున్న ముసలాయన గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేశాడు. మూల టేబులు దగ్గర కీచులాడుకుంటున్న ఇద్దరాడవాళ్లు మాట మధ్యలో నోళ్లు తెరిచి ఉండిపోయారు. కౌంటరు వెనకున్నావిడ, యాభై దాటిన మనిషి, జుట్టు ముడేసుకుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని ఉంది. చేతిలో గుడ్డ కింద పెట్టింది.

"ఎవరిదది?"

"మాదే" అన్నాం ఇద్దరం.

"ఇద్దరిదీనా?"

"ఇద్దరిదీ" అన్నాడు మా ఆయన ఛాతీ విరుచుకుని.

ముసలాయన బల్ల మీద చరిచాడు. "అక్కా! నీ పంట పండింది! ఒకరు కాదు, జంటే దొరికింది!"

ఆయన రిటైరైన టైలరు. ఆవిడకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. అయినా ఆ బార్లో అందరికీ ఆవిడ అక్కే. సంగతి ఆయనే చెప్పాడు. ఈ బారు పెట్టినాయన భార్యకి నొప్పులొచ్చిన సాయంత్రం, తాగడానికొచ్చిన ఒకాయన తన కోటు ఆ కొక్కేనికి తగిలించి, "నువ్వెళ్లు, నేను చూసుకుంటా" అన్నాడట. అప్పట్నించీ అదే పద్ధతి. దానికి కోటు తగిలించినవాళ్లు ఆ సాయంత్రం కౌంటరు చూసుకోవాలి. కౌంటరు వెనకున్న మనిషి మాత్రం తగిలించమని ఎవర్నీ అడగకూడదు.

"అయ్యో, మాకు తెలీదండీ" అన్నాను.

అక్క మొహంలో వెలిగిన దీపం ఏదో చప్పున తగ్గింది. "ఫర్వాలేదమ్మాయ్. తెలీక తగిలిస్తే లెక్కలోకి రాదు. తీసేసుకోండి" అని, తుడిచిన గ్లాసునే మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

టైలరు తాత నా వైపు వంగి గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. "ఇవాళ వాళ్లాయన పాడుతున్నాడమ్మా. ఎదురు వీధి హాల్లో. ఇన్నాళ్లూ గుంపులో పాడాడు, ఒక్కడే పాడటం ఇదే మొదటిసారి. ఏడింటికి. ఆయన బేకరీలో పని, తెల్లారకముందే లేచి పోతాడు. ఈవిడ సాయంత్రం ఇక్కడ నిలబడుతుంది. ఈవిడ ఇంటికెళ్లేసరికి ఆయన గుర్రు. కాపురం కాదది, కాపలా మార్చుకోవడం. ఆయన పాట ఈవిడ ఒక్కసారి కూడా వినలేదు."

"మరి ఈ ఒక్కపూట మూసేయొచ్చుగా?"

"మూయడమా! వరదొచ్చినప్పుడు మోకాల్లోతు నీళ్లలో నిలబడి పోశారిక్కడ."

"మీరెవరైనా తగిలించొచ్చుగా తాతా?"

ఆయన చేయి చాపి చూపించాడు. సన్నగా వణుకుతోంది. "నేను పోస్తే సగం నేల తాగుతుంది. కుర్రాళ్లంతా ఆ పాటల గుంపులోనే ఉన్నారు. ఇక వీళ్లు" అని మూల టేబులు వైపు చూపించాడు, "పూలకొట్టు వదినామరదళ్లు."

"మేం తగిలిస్తే వరద చేయలేని పని, ఈ బారు మూయించడం, మేం చేస్తాం" అంది వదిన.

"తనే చేస్తుంది. నేను కాదు" అంది మరదలు.

"చాల్లే తాతా, వాళ్లని హడలగొట్టకు" అంది అక్క అటు తిరిగే.

నేను మా ఆయన వైపు చూశాను. కిటికీ పక్క టేబులు, దాని మీద కొవ్వొత్తి, ఆ భోజనం కోసమని పెట్టెలో అడుగున దాచి తెచ్చుకున్న పచ్చ చీర, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. పావు తక్కువ ఏడు. నేనేదో అనబోయేలోపే ఆయన చొక్కా చేతులు మడుస్తున్నాడు. ఏ పనీ రెండుసార్లు చదవకుండా చేయని మనిషి!

"తెలిసే తగిలించాం అనుకోండి అక్కా" అన్నాడు. "ఆ చీర అక్కడికే కట్టుకోవాలని ఏముంది, రేపు రైల్లో కట్టుకుందువులే" అని నాతో మెల్లిగా అన్నాడు. చీర సంగతి ఆయనకి తెలుసని నాకు తెలీదు.

అక్క మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "ఎప్పుడైనా పోశారా?"

"దగ్గు మందు పోశాను" అన్నాడు.

ఆవిడ నవ్వింది. ఐసు ఎక్కడ, నిమ్మకాయలు ఎక్కడ, బీరు కుళాయి ఎటు తిప్పాలో గబగబా చెప్పి, గొడుగు తీసుకుని వెళ్లింది. అర నిమిషంలో తిరిగొచ్చింది. "కుళాయి గట్టిగా తిప్పకండి, మొహాన కొడుతుంది." వెళ్లింది. మళ్లీ వచ్చింది. "వెనక తలుపు దగ్గర పిల్లి అరిస్తే తీయకండి, నటన." వెళ్లింది. ఈసారి గుమ్మంలోనే ఆగింది. గొడుగు తెరుస్తుంది, మూస్తుంది. వెళ్లే దారి దొరికాక కాళ్లు రావడం లేదు ఆవిడకి.

"ఏమోనమ్మా," అంది, "నేను వస్తున్నానని ఆయనకి చెప్పలేదు. రానని తెగేసి చెప్పాను కూడా. ఇప్పుడెళ్లి కూర్చుంటే ఏమనుకుంటాడో."

ఒకటో తరగతి పిల్లలు మొదటిరోజు గుమ్మంలో ఇలాగే నిలబడతారు. వాళ్లకి నచ్చజెప్పకూడదు. నేను కౌంటరు దాటి వెళ్లి, ఆవిడ నడుముకున్న గుడ్డ విప్పి నేను కట్టుకుని, భుజాలు పట్టుకుని వీధి వైపు తిప్పి, "వెళ్లాలి మరి. గంట కొట్టేస్తారు" అన్నాను. వెళ్లిపోయింది. వానలో పరుగెత్తింది కూడా. గుమ్మంలోంచి చూశాను.

తర్వాత మా బతుకు బస్టాండయింది. వాన తప్పించుకోవడానికి జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. మా ఆయన ప్రతి సీసా వెనక రాసింది చదివి, కొలత గ్లాసు కళ్ల ఎత్తుకి పట్టుకుని, ఒక్క చుక్క ఎక్కువైనా తిరిగి సీసాలో పోస్తున్నాడు.

"డాక్టరుగారూ, భోజనానికి ముందా తర్వాతా?" అని అరిచాడొకడు.

"ముందు తినండి. ఖాళీ కడుపు మీద వద్దు" అన్నాడు మా ఆయన చాలా శ్రద్ధగా. బారంతా పగలబడి నవ్వింది. ఎందుకు నవ్వారో ఆయనకి అర్థం కాలేదు.

నేను మెనూ బోర్డు తుడిచేసి మూడే రాశాను: బీరు, విస్కీ సోడా, నిమ్మరసం. "వరసలో నిలబడినవాళ్లకే" అన్నాను క్లాసు గొంతుతో. గడ్డాలూ మీసాలూ ఉన్న మగాళ్లు కిక్కురుమనకుండా వరస కట్టారు. వదినామరదళ్లు మాత్రం వరసలో ఎవరు ముందన్న దాని మీద కొత్త గొడవ మొదలుపెట్టారు. ఇద్దర్నీ చెరో మూల కూర్చోబెట్టాను. కుళాయి నా మొహాన కొట్టింది. పిల్లి ఏడ్చింది, మేం కరగలేదు. ఆ హడావిడిలో అత్తయ్య ఫోను.

"ఎక్కడున్నారమ్మా?"

"షాపులో అత్తయ్యా."

"ఏమన్నా కొంటున్నారా?"

"లేదత్తయ్యా, అమ్ముతున్నాం."

"అంత చప్పుడేంటి? వాడేం చేస్తున్నాడు?"

"సీసాల మీద రాసింది చదువుతున్నాడు అత్తయ్యా."

"హవ్వ! అక్కడికెళ్లి కూడా మందుల గొడవేనా! వాణ్ణి నువ్వే మార్చుకోవాలి తల్లీ" అని పెట్టేసింది. అబద్ధం ఒక్కటి కూడా ఆడకుండా బయటపడ్డందుకు నాకు నేనే వీపు తట్టుకున్నాను.

కాస్త సందు దొరికినప్పుడల్లా తలుపు వైపు చూస్తున్నాం. పాట అయిపోయి ఉంటుంది. ఆవిడ సమయానికి చేరిందా? తాత అయితే గ్లాసు ముట్టకుండా వీధి వైపే తిరిగి కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. అక్క, వెనకాల నల్లకోటులో బొద్దుగా ఒకాయన. అప్పటిదాకా గోలగోలగా ఉన్న బారంతా అటు తిరిగింది.

"విన్నావా?" అన్నాడు తాత.

"వినడానికేముంది!" అంది అక్క గొడుగు విదిలిస్తూ. "మొదటి చరణం బ్రహ్మాండంగా ఎత్తాడు. మూడో వరసలో నన్ను చూశాడు. అంతే. పాట మర్చిపోయాడు!"

"మర్చిపోక?" అన్నాడాయన. "సాయంత్రం పూట ఈవిడ మొహం చూడటం నాకు అలవాటుందా? ఎవరో అచ్చం మా ఆవిడలా ఉందే అనుకున్నాను. మా ఆవిడేనని తెలిసేసరికి మాటలు ఎగిరిపోయాయి."

"అయితే నా వల్లే చెడిందంటావ్."

"చెడలేదుగా! మొదట్నించీ పాడానుగా మళ్లీ. అందరికీ ఒక పాటే, నాకు ఒకటిన్నర."

అందరూ చప్పట్లు కొట్టారు. అక్క అలవాటుగా కౌంటరు లోపలికి రాబోయింది. మా ఆయన దారికి అడ్డంగా చేయి పెట్టాడు. "సాయంత్రం ఇంకా అవలేదక్కా. అటు కూర్చోండి."

ఆవిడ అటువైపు ఎత్తు స్టూలు మీద ఎప్పుడూ కూర్చున్నట్టు లేదు. ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించింది. చివరికి ఇద్దరూ గోడ పక్క బెంచీకి మారారు.

"ఏం తీసుకుంటారు?" అన్నాను.

అక్క ఆయన వైపు తిరిగింది. "నువ్వేం తాగుతావ్?"

"నాకేం తెలుసు, ఇక్కడెప్పుడైనా కూర్చున్నానా?"

ఇద్దరూ బోర్డు వైపు చూసి, పెళ్లిచూపుల్లోలా సిగ్గుపడ్డారు. రెండు నిమ్మరసాలు చెప్పారు. మా ఆయన పంచదార కొలిచి మరీ కలిపి తీసుకెళ్లేసరికి, తెల్లారకముందే లేచే ఆ మనిషి అప్పటికే అక్క భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గుర్రు కూడా మొదలైంది.

మరదలు పకాలున నవ్వబోయింది. అక్క వేలు పెదాల మీద పెట్టుకుని బారంతా కలియజూసింది. వదిన లేచి వచ్చి మరదలి నోరు మూసింది. తాత గ్లాసు బల్ల మీద పెట్టబోయి ఆగి, కింద చేతిరుమాలు పరిచి దాని మీద పెట్టాడు. మా ఆయన ఐసుముక్కలు ఒక్కొక్కటే చప్పుడు కాకుండా వేళ్లతో గ్లాసుల్లోకి దించడం మొదలుపెట్టాడు. అప్పుడే లోపలికొచ్చిన ఒకాయన మామూలు గొంతుతో "ఒక బీరు" అన్నాడు. ఇరవై మంది ఒక్కసారిగా "ష్!" అన్నారు.

ఆయన బిక్కమొహం వేసుకుని మునివేళ్ల మీద నడుచుకుంటూ కౌంటరు దాకా వచ్చి, నా చెవిలో గుసగుసగా అడిగాడు, "ఎవరికన్నా బాగోలేదా?"

"లేదండీ," అన్నాను నేనూ గుసగుసగా. "వాళ్లాయన పడుకున్నారు."