సీసపు గుండ్ల ముందు బావగారు

ఆమె కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటు. ఇరవై రెండేళ్లుగా లెక్చరర్లు చెడగొట్టిన పరికరాలను మళ్లీ దారికి తెస్తోంది. అక్క మొగుడికి మాత్రం ఆమె ‘గుండ్లు తుడిచే మరదలు’.

ఆ బావగారు బీమా ఆఫీసులో రిటైరయ్యారు. పైనున్న గాలి నొక్కడం వల్లే వస్తువులు కింద పడతాయని సొంత ఖర్చుతో పుస్తకం అచ్చేయించి, కనబడ్డవాడికల్లా అంటగడుతున్నారు. గాలి తీసేసిన గొట్టంలోనూ నాణెం పడుతుందని ఒకసారి ఆమె చెబితే, “మీకు కనబడని గాలి ఇంకా మిగిలుంటుంది” అని తేల్చేశారు. ఆ రోజు నుంచి ఆమె ఆయనతో వాదించడం మానేసింది. గోడతో మాట్లాడితే కనీసం గోడ తిరిగి ఉపన్యాసం ఇవ్వదు.

అలాంటి మనిషిని ప్రిన్సిపాల్ కాలేజీలో చర్చకు పిలిచాడు. ల్యాబు నిండా పిల్లలు.

“నాలుగు గుండ్లు వేలాడదీస్తే ఆకర్షణశక్తి గుట్టు తెలిసిపోతుందా? ఇవన్నీ బొమ్మలాటలు!” అన్నారు బావగారు, బల్ల మీద గుడ్డ కప్పి ఉన్న ఆమె పరికరాన్ని చూపిస్తూ. కొత్త లెక్చరర్ సూత్రాలు వల్లించి కూర్చున్నాడు.

ఆమె లేచి, తన పరికరం మీది గుడ్డ తీసింది. గాజు పెట్టెలో సన్నటి తీగకు వేలాడే కడ్డీ, దాని చివర్ల రెండు చిన్న గుండ్లు. పెట్టె బయట రెండు పెద్ద సీసపు గుండ్లు. కడ్డీ మధ్యనున్న అద్దం మీద పడ్డ వెలుగు ఎదుటి గోడ మీద చుక్కలా నిలిచింది. ఆమె పెద్ద గుండ్లను నెమ్మదిగా అవతలి పక్కకు తిప్పింది.

“ఇప్పుడు పది నిమిషాలు ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. బావగారూ, మీరు కూడా.”

“నాకంత తీరిక లేదు.”

“రిటైరయ్యారుగా. కూర్చోండి.”

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన ముఖం మాడ్చుకుని కూర్చున్నారు. పెద్ద గుండ్ల లాగుడుకు లోపలి కడ్డీ కొద్దిగా తిరిగి, గోడ మీది చుక్క నెమ్మదిగా ఒక పక్కకు జరిగింది. ఆమె గుండ్లను మళ్లీ మొదటి చోటికి తిప్పింది. కాసేపటికి చుక్క వెనక్కి వచ్చింది.

“పెట్టెలోకి గాలి దూరుంటుంది,” అన్నారాయన.

“గుండ్లు ఎటు తిప్పితే గాలి అటే దూరుతుందా? మంచి పెంపుడు గాలే!”

నవ్వులు ఆగాక ముందు వరసలో ఒకమ్మాయి అడిగింది: “మేడమ్, అసలు అవి ఎందుకు లాక్కుంటాయి?”

ఆమె గొంతు తగ్గింది. “ఎంత లాగుతాయో దీంతో కొలవొచ్చమ్మా. ఎందుకో మాత్రం ఇది చెప్పలేదు. పెద్ద సిద్ధాంతాలున్నాయి గానీ, వాటి అడుగున ఏముందో నాకు తెలీదు.”

“విన్నారా! తెలీదంటోంది!” బావగారు చప్పట్లు కొట్టారు.

“తెలీదనే చెప్పాను. మీలా పుస్తకం అచ్చేయించలేదు.”

ఆయన సంచీ చంకలో పెట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. “మీ బావని అంతమందిలో కించపరిచావటే?”

“లేదక్కా. పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమన్నాను.”

“కూర్చున్నారా?”

“కూర్చున్నారు.”

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది. తర్వాత అక్క గొంతు తగ్గించి అడిగింది: “ఆ పరికరం ఇంటికి తెచ్చుకోనిస్తారా?”