మధ్యలో చేరినవాడు

పెండిల్ హిల్‌లో డాక్టర్ ద్వారకానాథ్ ఇంట్లో ఆదివారం రమ్మీకి ఒక చట్టముంది. ఆట మధ్యలో చేరినవాడు, అందరికంటే ఎక్కువ పాయింట్లున్నవాడి మీద ఇంకొకటి నెత్తినేసుకుని కూర్చోవాలి. రమ్మీలో పాయింట్లు పెరిగితే ఓటమే. చట్టం డాక్టరుగారిదే. ఏనాడూ ఎవరికీ సడలించలేదు.

లెక్కల మాస్టారు శౌరయ్యకు ఆయన ఓటు కావాలి. తాము వలస వచ్చిన ఆ నేల అసలు మనుషుల పిల్లలకు, అంటే అబొరిజినల్ పిల్లలకు, స్కూలు వదిలాక లెక్కల క్లాసు పెట్టాలా వద్దా అని మర్నాడు పేరెంట్స్ కమిటీ తేల్చేస్తుంది. ఓట్లు సగం సగం. మిగిలింది డాక్టరుగారే.

"వేస్టయ్యా శౌరయ్యా. మా అమ్మాయి రుచితకు ఎవరు నేర్పారు? బ్లడ్‌లో ఉండాలి," అన్నాడు డాక్టరుగారు.

"ఎవరు నేర్పారా?" అంది భార్య లీల. "రోజూ దాని పక్కన కూర్చునేది ఎవరట?"

"ఆ పిల్లల్లో జూడీకి బుర్రుంది సార్," అన్నాడు శౌరయ్య. "వాళ్ళమ్మను మూడో క్లాసులో ఉండగా, తమ పిల్లల పక్కన వద్దని తెల్లవాళ్ళు గోల చేస్తే ఇంటికి పంపేశారు. ఇక జూడీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"ఎప్పటి మాట! ఇప్పుడు స్కూలు అందరికీ ఒకటేగా?" అంటూ ఆయన బార్బెక్యూ పొయ్యి మీద చికెన్ తిరగెయ్యడానికి పెరట్లోకి వెళ్ళాడు.

శౌరయ్య తాత, బడిలోకి రానివ్వకపోతే, అరుగు కింద ఎండలో నిలబడి ఎక్కాలు విన్నవాడు. ఆ మనవడు లేచి పెరటి అద్దాల తలుపుకు గడియ పెట్టాడు.

"పంచండి లీలగారూ."

లీల నవ్వు దిగమింగి ముక్కలు పంచింది. డాక్టరుగారు పటకారుతో అద్దం బాదాడు. లోపల ఒక ఆట అయింది. రెండోదీ అయింది. ఎదురింటి సత్యనారాయణకు నూట ఇరవై పడ్డాయి. అప్పుడు గడియ తీశాడు శౌరయ్య.

"రండి సార్. నూట ఇరవై ఒకటితో కూర్చోండి."

"అన్యాయమయ్యా! గడియ పెట్టింది నువ్వు. ఆలస్యం నా నెత్తినా?"

"ఇప్పుడు తలుపు తీసే ఉందిగా సార్. ముక్కలు అందరికీ పదమూడే. ఓడితే బ్లడ్ అనుకుందాం."

లీల పకపకా నవ్వింది. ఆయన పటకారు పక్కన పెట్టి ముక్కలు అందుకున్నాడు. ఈలోగా చికెన్ మాడింది. ఆట ఆగింది. పాయింట్లు వచ్చే ఆదివారానికి నిలిచాయి.

మర్నాడు కమిటీలో డాక్టరుగారు పైకప్పు చూస్తూ చెయ్యెత్తాడు. క్లాసు ఖాయమైంది. బయట కారు దగ్గర ఆయన శౌరయ్య చొక్కా పట్టుకున్నాడు.

"చెయ్యెత్తాను కదయ్యా. ఆ నూట ఇరవై ఒకటి కొట్టెయ్."

"చట్టం మీదే కదా సార్," అన్నాడు శౌరయ్య.